మింగుడు పట్టీ

వీర్రాజు అన్నం తింటుంటే చూడటం ఆ ఇంట్లో ఒక వేడుక. ఎంత పనిలో ఉన్నా సరే, అతను కంచం ముందు కూర్చునే వేళకి ప్రసూన వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. పెళ్లయిన కొత్తలో కూడా మొగుడి మొహం ఇంత శ్రద్ధగా చూసి ఉండదని చుట్టాలు ఆటపట్టిస్తారు. పట్టించనీ. ఆవిడ పడ్డ ఏడాది వాళ్లు పడలేదు కదా.

కాకినాడలో క్యాటరింగ్ వీర్రాజంటే పెళ్లివారు ముహూర్తం కన్నా ముందు అతని తీరిక కనుక్కునేవాళ్లు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కోలుకున్నాయి, మాట కూడా వచ్చింది. గొంతు మాత్రం మింగటం మరిచిపోయింది. గుక్కెడు నీళ్లు పోసినా పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయేవి. ముక్కులో గొట్టం పెట్టి, జావ పోసి బతికించారు. తన వంటశాలలోనే, తను పెట్టిన తాలింపు వాసన పీలుస్తూ, గొట్టంలోంచి జావ తాగాడు వీర్రాజు. అంతకన్నా నరకం వంటవాడికి మరొకటి ఉంటుందా?

అప్పుడు వచ్చింది మింగుడు పట్టీ. మెడకు చుట్టుకునే మెత్తటి పట్టీ అది. ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి మింగేటప్పుడు గొంతు నరాల్లో నడిచే సంకేతాలను ముందే పట్టి అందులో నిలవ చేశారు. ముద్ద నోట్లో పడగానే పట్టీ ఆ సంకేతాలను రోగి గొంతుకి ఒకదాని వెనక ఒకటి అందిస్తుంది. పద్యం మరిచిపోయిన నటుడికి తెర పక్కనుంచి అందించినట్టే. గొంతు అందుకుంటుంది, ముద్ద దిగుతుంది. పట్టీ తీసేస్తే మళ్లీ మొదటికే.

ఆ సంకేతాలు ప్రొఫెసర్ ముకుందరావుగారి సొంత గొంతులోవి. తన మీద తనే ప్రయోగం చేసుకుని ఆయన రాసిన పరిశోధన పత్రం దేశమంతా మోగిపోయింది. వేలమంది గొట్టాలు పీకించుకుని కంచాల ముందు కూర్చున్నారు. ఆయన ఫొటో దేవుడి మందిరంలో పెడతానని వీర్రాజు పట్టుబడితే, ప్రసూనే వద్దని ఆపింది.

మొదటి ముద్దకి మాత్రం వీర్రాజు ఒక వింత చేస్తాడు. నమలబోతూనే గుటుక్కున మింగేస్తాడు. ఊపిరి బిగబడుతుంది. వెంటనే నోట్లో ఏమీ లేకపోయినా ఇంకో ఒట్టి గుటక వేస్తాడు. రెండో ముద్ద నుంచి అంతా మామూలే. ఆ పట్టీ కట్టుకున్న వాళ్లందరిదీ అదే వరస.

"ఏటే అలా చూత్తన్నావ్? మెతుకేవన్నా అంటుకుందా మొహానికి?" అన్నాడు వీర్రాజు ఆ పూట కూడా.

"ఏం లేదు బావా, తిను," అంది ప్రసూన. అతను ఆమెకి స్వయానా మేనత్త కొడుకు. చిన్నప్పటి పిలుపే పెళ్లయ్యాకా ఉండిపోయింది.

"ఇలా చూత్తే దిష్టి తగుల్తాది. ఇంకో గరిటెడు పప్పెయ్యి."

వేసింది. అతను తింటూ ఉంటే ఆమెకి నిజంగానే కడుపు నిండినట్టుండేది.

ప్రసూన ఉద్యోగం ఒంటి పాఠాల పరిశీలన మండలిలో. ఇలా పట్టీల ద్వారా ఒంటికి నేర్పే పనులను ఒంటి పాఠాలంటారు. ప్రతి పాఠానికీ వెనక ఒక పరిశోధన పత్రం ఉండాలి. ఆ పత్రం సరైనదని ప్రసూన లాంటి పరిశీలకులు సంతకం పెడితేనే అది జనంలోకి వెళ్తుంది. ఒకప్పుడు నడక నేర్పే పాఠం ఒకటి తప్పుడు లెక్కలతో బయటికొచ్చింది. ఎందరో మెట్ల మీంచి పడ్డారు. పత్రాన్ని ఉపసంహరించుకున్నామని పత్రికల్లో వేశారు కానీ, ఆ పట్టీలు జనం కాళ్లకు అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత చట్టం వచ్చింది. ఇప్పుడు పత్రం ఉపసంహరించిన క్షణంలో దాని మీద ఆధారపడ్డ ప్రతి పట్టీ, ఎక్కడున్నా, దానంతటదే మూగబోతుంది. మొహమాటాలకి తావు లేదు. పత్రం అబద్ధమా, దొంగసొత్తా అన్న తేడా ఆ ఏర్పాటుకి తెలియదు.

ఆ రోజుల్లో ప్రసూన బల్ల మీద ఉన్నది ముకుందరావుగారి కొత్త దరఖాస్తు. పుట్టగానే పాలు మింగలేని పసికందుల కోసం పసి పట్టీ. పాత పత్రంలో ఆయన ఒక గొప్ప సిద్ధాంతం చెప్పారు. మనిషి గొంతు భోజనం మొదట్లో ఒక బలమైన గుటకతో, దాని వెనక ఒక ఒట్టి గుటకతో తనను తాను సిద్ధం చేసుకుంటుందట. దానికి 'ఆరంభ గుటక' అని పేరు పెట్టి, పేజీలకు పేజీలు వివరించారు. పసివాళ్ల గొంతు బలహీనం కాబట్టి కొత్త పట్టీలో ఆ ఆరంభ గుటక ఊపు ఇంకా పెంచారు.

"ప్రసూనా, ఇంకా ఎంతకాలం చూస్తావమ్మా? ఆస్పత్రుల వాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు," అంది మండలి అధ్యక్షురాలు సుగుణమ్మ.

"ఒక్కటే అనుమానం మేడమ్. ఈ ఆరంభ గుటక పట్టీ కట్టుకున్నవాళ్లలోనే ఉంది. మామూలు మనుషుల్లో నాకు ఒక్కళ్లలోనూ కనపడలేదు. నాకూ లేదు, మీకూ లేదు."

సుగుణమ్మ అక్కడికక్కడే ముకుందరావుగారికి ఫోన్ కలిపింది. ఆయన నవ్వాడు. "శ్రద్ధగా చూడకపోతే ఏదీ కనపడదమ్మా. నా గొంతులో కనపడింది చాలదూ?" అన్నాడు.

చాలదని ప్రసూనకి అనిపించింది. కానీ రోజూ మొగుడికి ముద్ద మింగే వరం ఇచ్చిన మనిషిని అడ్డగోలుగా ప్రశ్నించటానికి ఆమెకి నోరు రాలేదు.

ఆ ఆదివారం వీర్రాజు దగ్గర క్యారేజీలు ఇచ్చి వచ్చే మనిషి సెలవు పెట్టాడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో వీర్రాజు వంటశాల ఆస్పత్రులకి బాలింత భోజనం పంపుతుంది. పాత పుల్లల పొయ్యి మీద వండినట్టుగా, పథ్యం తప్పకుండా వండుతాడని అతనికి పేరు. ఒక క్యారేజీ ప్రసూన పట్టుకెళ్లింది. ప్రసూతి వార్డులో భవాని అనే పిల్ల, పక్కన ఉయ్యాల, మంచం మీద కాళ్లు ముడుచుకుని ఒక అమ్మమ్మ. ఆవిడ గిన్నె మూత తీసి, వేడన్నంలో నెయ్యి పోసి, శొంఠి పొడి కలిపి ముద్ద చేసింది.

"ముందర ఇది తిను. ఇది తినందే కూర ముట్టుకోనివ్వను."

"మంట అమ్మమ్మా!"

"నవిలితే మంట మరి. నవలకు. గుటుక్కున మింగెయ్."

భవాని మింగేసింది. ఊపిరి బిగబట్టింది. నీళ్ల చెంబు వైపు చూసింది.

"నీళ్లేంటే, బాలింతవి? కాసేపాగు, వేడినీళ్లు ఇత్తాను."

పాపం ఆ పిల్ల చేసేదేమీ లేక ఒట్టి గుటక ఒకటి వేసింది.

క్యారేజీ మూత పట్టుకుని ప్రసూన అలాగే నిలబడిపోయింది. ఆ గుటక ఆమె రోజూ చూసేదే. తనూ ఒకప్పుడు వేసిందే. కూతుర్ని కన్నప్పుడు అత్త పెట్టిన శొంఠి ముద్దకి తన గొంతు ఎలా బిగుసుకుందో ఆ క్షణంలో ఒంటికి గుర్తొచ్చింది.

మర్నాడు ఆస్పత్రి అనుమతితో, ఇష్టపడ్డ బాలింతల గొంతులకి సంకేతాలు పట్టే యంత్రం కట్టి, మొదటి ముద్ద తినేటప్పుడు గీతలు తీసుకుంది. లేబొరేటరీలో ఆ గీతల మీద మింగుడు పట్టీ గీత పరిచి చూసింది. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. కాన్పు తర్వాత ఆడవాళ్ల గొంతు కండరాల్లో కొన్నాళ్లపాటు ఉండే ఒక సడలింపు కూడా పట్టీ గీతలో స్పష్టంగా ఉంది. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది సంగతి. పట్టీలో ఉన్నది మగవాడి గొంతే కాదు. ఎవరో బాలింత గొంతు.

ముకుందరావుగారికి ఎన్నో కాన్పులో శొంఠి ముద్ద పెట్టారో అనుకుని నవ్వింది ప్రసూన. ఒక్కర్తే ఉంది కాబట్టి గట్టిగానే నవ్వింది. నవ్వు అయ్యాక పసి పట్టీ దరఖాస్తు మళ్లీ ముందుకు లాక్కుంది.

దొంగకి వస్తువు దొరుకుతుంది కానీ, దాని సంగతి దొరకదు. ఆ సంకేతాలు ఎవరివో, ఏ పరిస్థితిలో తీశారో తెలుసుకోకుండా ఎత్తుకొచ్చిన మనిషి, శొంఠి మంటని ప్రకృతి ధర్మం అనుకుని సిద్ధాంతం కట్టాడు. ఇప్పుడా మంటని రెట్టింపు చేసి రోజుల పిల్లల గొంతుల్లోకి పంపబోతున్నాడు. పాలచుక్కకి పసిగొంతు అలా బిగుసుకుంటే ఊపిరి ఆడదు. పసి పట్టీ నిలబడ్డది పాత పత్రం మీదే. అది ఆగాలంటే పాత పత్రం దొంగదని చెప్పాలి. పాత పత్రం ఉపసంహరిస్తే వేలమంది పట్టీలు మూగబోతాయి. అందులో వీర్రాజుది ఒకటి.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆమె ఇంటికి వెళ్లి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

వీర్రాజు వంకాయలు కోస్తూ ఆమె మొహం చూశాడు. "ఏవైంది? ఆపీసులో ఎవరన్నా మాటన్నారా?"

"లేదు."

"అయితే చెప్పు. కడుపులో దాచుకుంటే పులిసిపోద్ది."

చెప్పేసింది. బాలింత గొంతు దగ్గర అతను కత్తిపీట పక్కన పెట్టి పడీ పడీ నవ్వాడు. "ఓర్నాయనో! ఇన్నాళ్లూ నేను బాలింతనేంటే! అందుకే పుల్లటిదేదన్నా తింటే తప్పు చేసినట్టుంటంది!" అన్నాడు.

ఆమె నవ్వలేదు. "బావా, నేను రాసిస్తే నీ పట్టీ ఆగిపోతుంది. అసలు మనిషి దొరికి, ఇది నాదేనని రుజువు చేసుకుని, సరేననేదాకా రాదు. ఎన్నాళ్లో తెలీదు. అసలు ఆమె బతికి ఉందో లేదో కూడా తెలీదు."

వీర్రాజు కోసిన వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో వేశాడు. "భయవేత్తంది," అన్నాడు. "అబద్దం ఎందుకూ, గొట్టం అంటేనే నాకు ఒణుకు. రాయొద్దని నోటిదాకా వచ్చింది."

"నేనూ అదే అనుకున్నా. నెల పాటు ఊరుకుని, ఏదో ఒక వంక పెట్టి..."

"ఊరుకుంటే ఇంకోళ్లెవరో సంతకం ఎట్టేత్తారు. పసోళ్ల గొంతుకి ఏదన్నా అయితే, నాకు మాత్రం ముద్ద దిగుద్దా? పట్టీ ఉన్నా దిగదు." కత్తిపీట మళ్లీ ముందుకు లాక్కున్నాడు. "నా ఆవకాయ నేను పట్టానని ఎవడో చెప్పుకుంటే ఊరుకుంటానా? ఆయమ్మ గొంతు అది. సొమ్మొకడిది సోకొకడిది. రాసెయ్యి. ఓ పని చెయ్యి, రేపు రాయి. ఇయ్యాల నన్ను కడుపునిండా తిననీ."

ఆ పూట అతను గుత్తివంకాయ, పనసపొట్టు కూర, ముద్దపప్పు, మజ్జిగపులుసు చేశాడు. నెమ్మదిగా, ప్రతి ముద్దనీ పలకరించినట్టు తిన్నాడు. ప్రసూన కంచంలో అన్నం మాత్రం అలాగే మిగిలిపోయింది.

మండలి సమావేశానికి ముకుందరావుగారు చలవ చేసిన ఖద్దరు చొక్కాలో వచ్చాడు. ప్రసూన వివరంగా రాసిచ్చిన అభియోగం చదివి, చిన్నపిల్ల అల్లరి చూసినట్టు తల ఊపాడు. "పోలికలు ఎన్నయినా తీయొచ్చమ్మా. గొంతు నాదే," అన్నాడు.

"మీదే అయితే తేల్చటం ఎంతసేపు సార్?" అంది ప్రసూన. ఆమె చెప్పి ఉంచిన ప్రకారం బల్ల మీదికి ఒక కంచం వచ్చింది. అందులో వేడన్నం, పప్పు. పక్కన సంకేతాలు పట్టే యంత్రం. "రెండు ముద్దలు తినండి. మీ ఆరంభ గుటక మేమంతా చూస్తాం."

వద్దనటానికి ఆయనకి దారి లేకపోయింది. తిన్నాడు. తెర మీద గీత కాలవ నీళ్లలా సాఫీగా సాగిపోయింది. బలమైన గుటకా లేదు, ఒట్టి గుటకా లేదు. వయసుతో గుటక ధోరణి మారుతుందని ఆయన మొదలుపెట్టాడు.

"మారుతుంది సార్. మగ గొంతు ఆడ గొంతవదు కదా," అంది ప్రసూన. "ఆ బాలింత ఎవరు?"

ఆ మాట ఆయన ఎదురుచూసింది కాదు. ఆ గొంతు బాలింతదన్న సంగతి ఆయనకే తెలియదని అప్పుడు అందరికీ అర్థమైంది. మొహంలో రంగు మారి, ఒక పేరు చెప్పాడు. నీలవేణి. ఆయన దగ్గర పరిశోధన చేసిన అమ్మాయి. కాన్పుకని పార్వతీపురం వెళ్లి, అక్కణ్ణించి సంకేతాలు పంపింది. అవి ఎవరి గొంతులోవో అడగకుండానే, పనికిరావని ఆమెకి చెప్పానన్నాడు.

"ఆమె వదిలేసి పోయింది. నేను రాయకపోతే అవి ఏ మూలో పడి ఉండేవి. ఇవాళ ఇంతమంది అన్నం తింటున్నారంటే ఎవరి వల్ల? మీ ఆయన తింటున్నాడంటే ఎవరి వల్ల?" అని గొంతు పెంచాడు.

అందులో కొంత నిజం లేకపోలేదు. అదే ప్రసూనని ఎక్కువ బాధపెట్టింది. ఆమె పేరు కూడా రాసి ఉంటే ఈయన సొమ్మేం పోయేది? సుగుణమ్మ ఇంకేమీ వినకుండా ఉపసంహరణ పత్రం మీద సంతకం పెట్టింది.

అదే సమయానికి వంటశాలలో వీర్రాజు పట్టీ చల్లబడింది. ప్రసూన ఇంటికొచ్చేసరికి నర్సు ముక్కులో గొట్టం పెట్టి వెళ్లింది. అతను బొటనవేలు ఎత్తి చూపించాడు, ఏం ఫరవాలేదన్నట్టు. కళ్లలో మాత్రం నీళ్లు ఉన్నాయి. గొట్టం పెట్టినప్పుడు ఎవరికైనా వస్తాయిలే అని ఆమె తనకి తను చెప్పుకుంది, నమ్మలేదు.

మండలికి ఫోన్లు మొదలయ్యాయి. ఏడ్చినవాళ్లు, తిట్టినవాళ్లు, శపించినవాళ్లు. "ఎవరో ఎవరి కాయితమో దొంగిలిస్తే మా నాన్న నోటికాడి కూడు లాగేస్తారా?" అని ఒకమ్మాయి అడిగింది. ప్రసూన ఫోన్ పెట్టేసి పార్వతీపురం బండెక్కింది.

నీలవేణి అక్కడి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ప్రసూన వెళ్లేసరికి స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. మార్కులు కూడి, ఆ పేపరు పక్కనున్న లెక్కల మాష్టారికి ఇచ్చింది. ఆయన మళ్లీ కూడి, సరేనని తిరిగి ఇచ్చాడు. ప్రతి పేపరుకీ అదే తంతు.

"కూర్చోండి. ఏటండీ, ఎవరి తాలూకు?" అంది నీలవేణి, ఎవరో విద్యార్థి తల్లి అనుకుని.

ప్రసూన తను ఎవరో చెప్పింది. మింగటం మీద పరిశోధన అనగానే నీలవేణి మొహం ముడుచుకుపోయింది. "అది మానీసానండీ. ఆ మాట టీవీలో వినబడినా కట్టీసేదాన్ని. నాకు రాని పని అది."

"రాని పనని ఎవరన్నారు?"

"సారే అన్నారు. కాన్పయ్యాక ల్యాబ్‌కి వెళ్లలేక, యంత్రం ఇంటికి తెచ్చుకుని నా గొంతుకే కట్టుకున్నాను. చంటిదాన్ని ఒళ్లో పెట్టుకునే లెక్కలు కట్టాను. పంపిస్తే, అన్నీ తప్పులే, ఇవి చెత్తబుట్టకి కూడా పనికిరావు అన్నారు. నిజమే కామోసనుకున్నాను. అప్పట్నించి ఏ లెక్క కట్టినా ఇంకొకరు చూస్తే గానీ నమ్మలేను." మాష్టారి వైపు చూపించి సిగ్గుగా నవ్వింది. "ఈయన నా బాధ పడలేకపోతన్నారు."

ప్రసూన సంచిలోంచి ముకుందరావుగారి పత్రం తీసి ఆమె చేతికిచ్చింది. నీలవేణి మొదటి పేజీ చదివింది. రెండోది చదివింది. ఆరంభ గుటక సిద్ధాంతం దగ్గరికొచ్చేసరికి కనుబొమలు పైకి లేచాయి.

"ఇదేటిది? మానవ కంఠం తనను తాను సిద్ధం చేసుకొను ప్రక్రియా?" అని గట్టిగా చదివి, ఒక్కసారిగా నవ్వేసింది. "అయ్య బాబోయ్! శొంఠండీ అది! మా అత్త పెట్టిన శొంఠి! మొదటి ముద్దని లెక్కలోంచి తీసీమని కింద రాశాను కదా, చదవలేదేటి ఆయన?"

ప్రసూనా నవ్వింది. సంగతి తెలియని లెక్కల మాష్టారు కూడా వాళ్లని చూసి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నీలవేణి చివరి పేజీ దాకా వెళ్లింది. అక్కడ ఉన్న పట్టికలు ఆమెవే. అంకెలన్నీ ఆమె కట్టినవే, ఒక్కటి కూడా మార్చలేదు. వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంది. నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

"దీంతో నిజంగా జనం అన్నం తిన్నారా?"

"వేలమంది. మా ఆయన కూడా."

"ఎవరికీ పొలమారలేదా?"

"ఒక్కళ్లకీ లేదు."

"అయితే... నా లెక్క తప్పు కాదేటండీ?"

"ఒక్క అంకె కూడా కాదమ్మా."

నీలవేణి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కోపంతో ఏడుస్తోందని ప్రసూన మొదట అనుకుంది. కాదు. ఎత్తుకున్న బరువు ఎవరో చెయ్యి వేసి దింపితే వచ్చే ఏడుపు అది.  తను సరైన పనే చేసిందని ప్రసూనకి అనిపించింది. గొట్టం మళ్లీ పెట్టించినందుకు ఇన్నాళ్లూ తనని తను తిట్టుకున్న తిట్లన్నీ అక్కడే ఆగాయి.

ముకుందరావుగారి మీద కోపం లేదా అని అడిగితే, "రేపు వస్తుందిలెండి," అంది నీలవేణి ముక్కు తుడుచుకుంటూ. "ఇవాళ ఖాళీ లేదు."

కాకినాడ వచ్చి యంత్రం కట్టుకుంది. వేలిముద్రలాగే ఎవరి గొంతు తీరు వారిది. ఆమెది పట్టీలోని సంకేతాలతో కచ్చితంగా సరిపోయింది. శొంఠి ముద్ద తాలూకు ఆరంభాన్ని తీసేసి, పాఠాన్ని తనే శుభ్రం చేసింది. మార్చిన ప్రతిచోటా లెక్క తనే చూసుకుంది. ఒకసారి అలవాటుగా కాగితం ప్రసూన వైపు జరిపి, మళ్లీ తనే వెనక్కి లాక్కుంది. పసి పట్టీ కూడా ఆమె చేతికే అప్పగించారు. ముకుందరావుగారి ఉద్యోగం, బిరుదులు ఏమయ్యాయో పత్రికలే రాశాయి. పత్రికలకి ఆ మాత్రం పని ఉండాలి కదా.

అన్నీ అయ్యాక, పాఠాన్ని తన పేరున తిరిగి విడుదల చేయటానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టే ముందు నీలవేణి ఆగింది. ఉపసంహరించిన ప్రతి పత్రం మీదా మండలి ఒకే వాక్యం అచ్చువేస్తుంది. 'ఈ పత్రంలోని ఫలితాలను ఎవరూ నమ్మరాదు.' ఆమె వేలు ఆ వాక్యం మీద ఉంది.

"ఇది ఉంటే నేను సంతకం పెట్టనండీ. ఇన్నేళ్లూ ఈ మాటతోనే బతికాను. ఇంకా అచ్చులో కూడా ఎందుకు?"

ఎప్పుడూ ఉండే వాక్యమే, మార్చటం కుదరదు అంది సుగుణమ్మ. కుదరాలి అంది ప్రసూన. మన ఏర్పాటుకి అబద్ధానికీ దొంగతనానికీ తేడా తెలియకపోవచ్చు, మనకి కూడా తెలియదా మేడమ్, అని అడిగింది. గొంతు కొంచెం లేచింది కూడా. సుగుణమ్మ కళ్లజోడు తుడుచుకుని, కొత్త వాక్యం నువ్వే రాసుకురా అంది. నీలవేణి సంతకం చేసి, పరీక్షలున్నాయని ఊరెళ్లిపోయింది.

ప్రకటన వెలువడే రోజున ప్రసూన ఇంట్లోనే ఉంది. నర్సు వచ్చి గొట్టం తీసేసింది. వీర్రాజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా కంచం ముందు కూర్చున్నాడు. మెడకి పట్టీ ఉంది. ఇంకా చల్లగానే ఉంది.

ఫోన్లోకి వచ్చిన ప్రకటన చూసి ప్రసూన, "వచ్చింది బావా," అంది.

అతను మెడ తడుముకున్నాడు. "వెచ్చబడతందే," అన్నాడు మెల్లిగా. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. తీరిగ్గా నమిలాడు. మింగాడు. కళ్లు మూసుకుని, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. ప్రసూనకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు నీలవేణికి ఫోన్ చేసింది. అవతల పిల్లల గోల, తర్వాత తలుపు వేసిన చప్పుడు.

"వచ్చిందాండీ?"

"వచ్చింది. చదవనా?"

"చదవండి."

"ముకుందరావు పేరున వెలువడిన పత్రాన్ని ఉపసంహరించడమైనది. ఆ పని ఆయనది కాదు. అది నీలవేణిది. ఆమె ఫలితాలు సరైనవి. ఆమె లెక్కలలో తప్పు లేదు."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.   

"ఇంకోసారి చదవండి," అంది నీలవేణి.

వీర్రాజు ఎదురుగా కూర మీదికి చెయ్యి చాచాడు. గిన్నె అతని వైపు జరిపి, ప్రసూన మొదటి అక్షరం నుంచి మళ్లీ చదవటం మొదలుపెట్టింది.